నాలుగంగుళాల మడత

రువీలో ఆ కొట్టువాడు
పరదాని సితారా అంటాడు.
మొదట నేను చమ్కీలు ఎక్కడున్నాయా అని వెతికాను.
అరబ్బీలో సితారా అంటే తెరేనట, చుక్క కాదట.
నవ్వుకున్నాం ఇద్దరం.
జేబులో నలభై రియాళ్ళు, చేతిలో చీటీ:
ఎత్తు నా పాత చున్నీకి బెత్తెడు తక్కువ,
వెడల్పు ఏడు జానలు.
టేపు కొనాలని తోచనే లేదు.
కిటికీ ఉన్న గదిలో ఉండటం కొత్త కదా.

మొదటి తెర మా మధ్య రెండు నిమిషాలుంది,
జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టేదాకా.
పసుపు అంచు తెల్లగుడ్డ కిందనుంచి
అతని కాలి బొటనవేలు ఒక్కటే చూశాను.
రెండోది నాలుగేళ్ళుంది.
వాదీ కబీర్‌లో
ఒక గదిని రెండిళ్ళు చేసిన నీలం దుప్పటి.
అవతల ఫిలోమినా వాళ్ళు.
ఇవతల దగ్గితే అవతల నిద్ర కదిలేది.
వాళ్ళ చేపల పులుసు వాసనతో
మా పప్పన్నం తినేవాళ్ళం.
మాటలు చెవిలో, పోట్లాటలు కళ్ళతో,
ఏడుపు కుళాయి తిప్పుకొని.
గుడ్డని గోడ అనుకోవటం ఎంత పనో
గోడలున్నవాళ్ళకి ఏం చెప్పను?

కొట్టువాడు తాను మీద తాను దొర్లిస్తున్నాడు.
వెల్వెట్టు పిల్లి వీపులా ఉంది,
కానీ ఈ ఊళ్ళో, మే నెలలో?
చూస్తేనే మెడ మీద చెమట.
శాటిన్ వేళ్ళలోంచి అబద్ధంలా జారిపోయింది.
నార కలిసిన నూలు ఒకటి, మజ్జిగ రంగుది,
చెంపకి ఆనించుకున్నాను.
కొట్టువాడు అటు తిరిగి లెక్కలు చూసుకున్నాడు.
"ఇదే" అన్నాను.

నూకరాజు దాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టాడు.
అతని అయిదు వేళ్ళూ అవతలనుంచి కనిపించాయి.
"వెలుగు ఆగదే" అన్నాడు.
రాత్రంతా బేకరీలో ఖుబూస్ కాల్చి
పొద్దున ఏడింటికి పడుకునే మనిషి.
ఎనిమిదింటికల్లా ఎదుటి రాతికొండ పెనంలా కాగి
ఎండని మా మంచం మీదకే విసురుతుంది.
అతనికి చీకటి కావాలి, కొనుక్కునైనా సరే.
నాలుగేళ్ళు ట్యూబులైటు కింద ఉల్లిపాయలు తరిగినదాన్ని,
నాకు పగలు కావాలి.

మూలన మిషను ఆగింది.
టైలరు రాజమల్లు, సిరిసిల్లాయన.
"రెండూ కుట్టిస్త అక్కా.
ముంగట నీ మజ్జిగ బట్ట, ఎనక నల్ల అస్తరు.
రాడ్లు రెండు. ఎవల పొద్దు వాళ్ళది."
చీటీ చూసి నవ్వాడు.
"ఏడు జానల కిటికీకి ఏడు జానలు ఏం సాల్తయి?
రెండున్నరంతలు కావాలె, కుచ్చిళ్ళు పడాలె.
బట్ట మిగిల్తెనే తెర.
లేకుంటె దుప్పటే గద."

దుప్పటి అనగానే
మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.
నలభై చాలలేదు.
కొత్త ఫోను మాట మళ్ళీ ఎత్తలేదు నూకరాజు.

వేలాడదీసిన మర్నాడు
కింది అంచు పాదానికి బరువుగా తగిలింది.
తడిమి చూస్తే లోపల నాలుగంగుళాల మడత.
కొలత తప్పాడేమోనని ఫోన్ చేశాను.
"కావాలనే పెట్టిన అక్కా.
ఈ దేశంల కిటికీ మనది గాదు, బట్ట మనది.
రేపటి ఇల్లు ఎత్తుగుంటె కుట్లిప్పి దింపుకో."
అతని వెనక మిషను నడుస్తూనే ఉంది.

నూకరాజు నిద్రపోతున్నాడు.
గది నిండా నల్ల అస్తరు చీకటి, చల్లగా.
బియ్యంలో రాళ్ళు ఏరుకుందామని
ఓ జానెడు పక్కకి జరిపాను.
మజ్జిగ రంగులోంచి వడిసి దిగిన ఎండ
చాపంత మేర పరుచుకుంది నేల మీద.
నేను కూర్చోగా మిగిలింది
మంచం చివరకి పాకింది,
దుప్పట్లోంచి బయటికొచ్చిన
అతని కాలి బొటనవేలి దాకా.

గుర్తుపట్టాను.